అర లీటరు

మా వార్డోలో నవంబరు నెలాఖరుకి
సూర్యుడు కొట్టు కట్టేస్తాడు.
నేను మాత్రం తెరిచే ఉంచుతాను,
రేవుకు ఎదురుగా రంగుల కొట్టు.
తలుపుకి గంట ఉంది కానీ
ఉప్పుగాలికి పట్టేసి మోగదు.

ఇంగున్ మొదటిసారి వచ్చింది సెప్టెంబరులో.
"ముందుగదికి తెలుపు కావాలి" అంది,
అగ్గిపెట్టె ఇమ్మన్నంత తేలిగ్గా.
"ఏ తెలుపు?" అన్నాను.
ఆ ఒక్క ప్రశ్నతో మాకు మూడు నెలలు గడిచాయి.

గుడ్డుపెంకు తెలుపు పట్టుకెళ్ళింది.
వారానికి తిరిగొచ్చింది: కామెర్ల కళ్ళలా ఉందట.
సున్నపు తెలుపు: ఆస్పత్రి.
ఎముక తెలుపు: ఆ పేరే వద్దు.
పొగమంచు తెలుపు పగలు బాగానే ఉందట,
దీపం పెడితే మాత్రం గోడంతా
చలికి నీలబడిన పెదాల రంగు.
"మీరు గోడకు కాదు,
వెలుతురుకు రంగు వేయించుకుంటున్నారు" అన్నాను.
నవ్వలేదు. నిజమే అన్నట్టు ఇంకో అట్టముక్క అడిగింది.

చివరికి, పాలు విరిగాక మిగిలే తేట.
చెంచాడు బూడిద, చిటికెడు మట్టి ఎరుపు,
మిషన్లో మూడు నిమిషాల కుదుపు.
మూత తీయగానే వేలు ముంచి
మణికట్టు లోపలి వైపు రాసుకుంది, అత్తరులా.
"ఇదే."
నేలకు బర్చ్ చెక్క, కుర్చీల మీద గొర్రెతోలు,
బూడిదరంగు ఉన్ని సోఫా.
అన్నీ గొంతు తగ్గించి మాట్లాడేవే.

మరి ఒక్కటైనా పిలిచే రంగు ఉండాలిగా.
"ఆవపిండి పసుపు" అంది ఇంగున్,
దిండ్లకీ, దీపం గొడుగుకీ.
"కాదు" అన్నాడు ఐలిఫ్.

అతను కొట్టులోకి రావడం అదే మొదలు.
చంకలో పాత పేపరు చుట్టిన మూట.
విప్పి బల్లమీద పెట్టాడు:
వలకు కట్టే ప్లాస్టిక్ బెండు.
ఒక పక్క ఎండకు వెలిసిపోయి,
రెండో పక్క నారింజ, ఇప్పుడే అంటుకున్నట్టు.
"ఇది. ఈ పక్కది."

ఇంగున్ ముఖం తిప్పుకుంది.
రక్షణ పడవ మీద ఇరవై రెండేళ్ళు చేశాడతను.
ఆ రంగు ఇంట్లోకి ఎందుకు రాకూడదో
నాకూ తెలుసనుకున్నాను.
తడి కోట్ల రంగు.
ఫోను మోగిన రాత్రుల రంగు.
ఆమె కాఫీ కాచి, పారబోసి, మళ్ళీ కాచిన రంగు.

"గోడలు నీ ఇష్టం" అన్నాడు ఐలిఫ్,
బెండుతోనే చెబుతున్నట్టు, దాన్ని తిప్పుతూ.
"ఇరవై రెండేళ్ళు ఈ రంగు కోసం వెతికాను.
అలకీ అలకీ మధ్య, మంచు పడుతుంటే,
లైటు పట్టుకుని, కళ్ళు మండేదాకా.
దొరికిన రోజులున్నాయి.
దొరికాక, అందులో మనిషి లేని రోజులున్నాయి.
ఇంట్లో కూచున్నప్పుడు
వెతక్కుండానే కనపడాలి. అంతే."

కొట్టులో హీటరు ఒక్కటే గొణిగింది.
ఇంగున్ చేతితొడుగు తీసింది, వేసుకుంది, మళ్ళీ తీసింది.
తర్వాత నన్ను అడిగింది, ధర అడిగినట్టు:
"అర లీటరు సరిపోతుందా?"
"దేనికి?"
"కిటికీ లోపలి చెక్కకు. నాలుగు వైపులా."

కలపడానికి రెండు రోజులు పట్టింది.
ఎరుపు చుక్క ఎక్కువైతే పిల్లల బొమ్మ,
పసుపు ఎక్కువైతే పండు.
బెండు పక్కన పెట్టుకునే భోంచేశాను.
లెక్క కాగితం మీద, రంగు పేరు రాసే గడిలో
"ఈ పక్కది" అని రాశాను.

జనవరిలో సూర్యుడు తిరిగొచ్చిన రోజు
కోట మీద ఫిరంగి పేల్చారు. పిల్లలకి సెలవు.
చేపల గోదాము సందులోంచి వస్తూ
అటు చూశాను, చూడాలని కాదు.
మంచులో ఆ ఇల్లు ఉన్నట్టే లేదు.
కిటికీ మాత్రం ఉంది.
లోపల ఇంగున్ నిచ్చెన మీద,
ఒక మూల ఇంకా మిగిలింది కాబోలు,
బ్రష్ నోట కరుచుకుని కొక్కెం బిగిస్తోంది.
ఐలిఫ్ కుర్చీలో నిద్రపోతున్నాడు,
నోరు తెరుచుకుని,
కిటికీకి వీపు పెట్టి.